అంత పెద్దది నడిస్తే భూమి దిగాలి కదా: సినిమా గ్రాఫిక్స్ మీద అపోహలు - వాస్తవాలు

దసరాకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో అందరం కలిసి టీవీలో గాడ్జిల్లా అనే రాక్షస బల్లి, కాంగ్ అనే కొండంత కోతి రెండూ ఉన్న సినిమా చూశాం. మాది నకిరేకల్ దగ్గర పల్లె. నేను పదమూడేళ్లుగా హైదరాబాద్‌లో సినిమా గ్రాఫిక్స్‌లో, అందులోనూ కంపోజిటింగ్‌లో పనిచేస్తున్నాను. షూటింగ్‌లో తీసిన దృశ్యాన్ని, కంప్యూటర్‌లో తయారైన జంతువును, పొగను, దుమ్మును, నీటిని అన్నీ ఒకే కెమెరా ఒకేసారి తీసిందనిపించేలా కలపడం మా పని. తెర మీదికి పోయే ముందు షాట్ చివరగా ఆగేది మా దగ్గరే.

సినిమా అయిపోయాక మా చిన్నమ్మ కొడుకు అడిగాడు. "ఇదంతా కంప్యూటరే చేస్తది గదా అక్కా, మీరేం చేస్తరు?"

మా నాయిన ఇంకో మాట అన్నాడు. ఆయన బత్తాయి తోట తప్ప వేరే లోకం చూసిన మనిషి కాదు. "గంత పెద్దది గట్ల ఉరుకుతదా బిడ్డా? ఏనుగు కూడ గట్ల ఉరుకది. అంత బరువున్నది అడుగేస్తె భూమి దిగాలె కదా!"

నాయిన అన్నది మా వృత్తి మొత్తానికీ గుండెకాయ లాంటి మాట. స్టూడియోలో సూపర్‌వైజర్లు గంటలకొద్దీ చెప్పే కామెంట్‌ను ఆయన ఒక్క వాక్యంలో చెప్పేశాడు. తమ్ముడి ప్రశ్నకు మాత్రం అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇలాంటి ప్రశ్నలు ఊళ్లో, నల్లగొండ బస్టాండ్‌లో, థియేటర్ బయట ఛాయ్ దగ్గర చాలాసార్లు విన్నాను. వాటికి జవాబులే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బటన్ నొక్కితే కంప్యూటరే చేసేస్తుంది.

నాలుగు సెకన్ల షాట్ ఒకటి అనుకోండి. హీరో జీపు మీద నిలబడి వెనక్కి చూస్తున్నాడు, జుట్టు గాలికి ఎగురుతోంది, వెనకాల కొండంత జంతువు లేస్తోంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఇది 96 ఫ్రేములు, అంటే 96 బొమ్మలు.

ముందు షూటింగ్‌లో కెమెరా ఎటు కదిలిందో, ఎంత కదిలిందో లెక్కగట్టి, అదే కదలికను కంప్యూటర్‌లోని కెమెరాకు ఇవ్వాలి. దీన్ని మ్యాచ్‌మూవ్ అంటాం. ఇది వెంట్రుకవాసి తప్పినా జంతువు నేల మీద నిలబడదు, జారుతున్నట్టు కనిపిస్తుంది. తర్వాత రోటో. జంతువు హీరో వెనకాల ఉండాలి కాబట్టి హీరో అంచుల వెంట ఫ్రేము ఫ్రేముకూ గీత గీసి ఆయన్ని వేరు చేయాలి. ఇంకొకరు తాళ్లు, గుర్తులు, లైట్ స్టాండ్లు చెరిపేస్తారు, దాన్ని పెయింట్ అంటాం. ఈలోపు వేరే జట్టు జంతువు ఆకారం చేస్తుంది, ఇంకో జట్టు దానికి ఎముకలు, కీళ్లు పెడుతుంది, మరొకరు కదిలిస్తారు. దుమ్ము, రాళ్లు, నీళ్లు నిజంలా కదిలేలా కంప్యూటర్‌లో లెక్కగట్టే సిమ్యులేషన్ వాళ్లు వేరు, వెలుగు పెట్టేవాళ్లు వేరు. ఇవన్నీ కలిసి మా దగ్గరికి వస్తాయి. ఇన్ని జట్ల లెక్క దాటాక కూడా ఒక్క ఫ్రేము రెండర్ కావడానికి, అంటే కంప్యూటర్ దాన్ని పూర్తి బొమ్మగా తయారుచేసి ఇవ్వడానికి, గంటలు పట్టే షాట్లు ఉంటాయి.

నా మొదటి ఉద్యోగం రోటో. ఒక నటి పరుగెత్తే షాట్ ఇచ్చారు. ఊగుతున్న జడ, ఎగురుతున్న చున్నీ. 140 ఫ్రేములకు పదకొండు రోజులు పట్టింది. తెర మీద అది ఆరు సెకన్లు కూడా లేదు. ఆ సినిమా వచ్చిన రోజు మా అమ్మను తీసుకుపోయి, ఆ షాట్ వస్తుందనగా చెయ్యి పట్టుకొని "ఇగో, ఇదే" అన్నాను. "ఏది?" అన్నది అమ్మ. అప్పటికే షాట్ పోయింది. కనిపించకపోవడమే ఆ పనికి దక్కే మెప్పు. అది నేను ఆ రోజే నేర్చుకున్నాను.

అపోహ: చిన్న జంతువును పెద్దగా చూపిస్తే భారీ జంతువు అయిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే. కొంచెం నిదానంగా చెప్తాను.

హాలీవుడ్‌లో 2019లో వచ్చిన గాడ్జిల్లా ఎత్తు 393 అడుగులు అని పెట్టారు. అంటే దాదాపు 120 మీటర్లు. మన నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు పునాది నుంచి 124 మీటర్లు. అంటే గాడ్జిల్లా డ్యామ్ పునాది దగ్గర నిలబడితే తల కట్ట కన్నా నాలుగు మీటర్లు కిందికే ఉంటుంది. జపాన్‌లో 1954లో వచ్చిన మొదటి గాడ్జిల్లా 50 మీటర్లే.

ఇప్పుడు సాగర్ గేట్లు ఎత్తిన రోజును గుర్తు చేసుకోండి. మనలో చూడనివాళ్లు తక్కువ. ఇరవై ఆరు గేట్ల నుంచి నీళ్లు దూకుతుంటే, దూరంగా ఒడ్డున నిలబడి చూసినప్పుడు ఆ తెల్లటి నురగ నెమ్మదిగా, బద్ధకంగా దిగుతున్నట్టు కనిపిస్తుంది. దగ్గరికి పోతే నీళ్ల వేగం చూసి గుండె జారుతుంది. రెండూ నిజమే. వేగం ఎక్కువే, కానీ పోవాల్సిన దూరం ఇంకా ఎక్కువ. మన కన్ను ఈ నెమ్మదిని చూసే "ఇది చాలా పెద్దది" అని లెక్క వేసుకుంటుంది.

దీనికి ఒక లెక్క ఉంది. ఒక మీటరు ఎత్తు కొమ్మ నుంచి బత్తాయి రాలితే అర సెకను లోపే నేల తాకుతుంది. గాలిని పక్కన పెడితే, వంద మీటర్ల నుంచి రాలిన కాయకు నాలుగున్నర సెకన్లు పడుతుంది. ఎత్తు వందింతలైతే సమయం పదింతలు. కాబట్టి వంద మీటర్ల జంతువు తోక మీద నుంచి రాలే రాయి, కూలే గోడ, లేచే దుమ్ము అన్నీ ఈ లెక్కకు లోబడాలి. రాయి ఒక్క సెకనులో నేల మీద పడిందంటే చూసేవాళ్లకు లెక్క తెలియకపోయినా "బొమ్మ" అని మనసులో పడిపోతుంది.

పాతకాలం వాళ్లు దీన్ని కంప్యూటర్ లేకుండానే సాధించారు. 1954 సినిమాకు ఎఫెక్ట్స్ చేసింది ఎయిజి సుబురాయా. చిన్న చిన్న ఇళ్లతో నగరం కట్టి, రబ్బరు సూట్‌లో మనిషిని దించి నడిపించారు. 50 మీటర్ల జంతువుగా కనిపించాల్సింది రెండు మీటర్ల మనిషి అంటే కొలత 25వ వంతు. 25కు వర్గమూలం 5. కాబట్టి లెక్క ప్రకారం కెమెరా ఐదింతల వేగంతో, సెకనుకు 24కు బదులు 120 ఫ్రేములు తీయాలి. దాన్ని మామూలు వేగంతో ఆడిస్తే మనిషి అడుగు కొండ అడుగవుతుంది. సూట్‌లో ఉన్నది హరువో నకాజిమా. పెద్ద జంతువులు బరువును ఎలా మోస్తాయో చూడడానికి ఆయన జంతు ప్రదర్శనశాలకు పోయి ఏనుగులను, ఎలుగుబంట్లను గమనించేవాడు. చివరికి ఆ అరుపు కూడా జంతువు గొంతు కాదు. సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే డబుల్ బాస్ అనే పెద్ద తంత్రీ వాయిద్యం తీగలను వదులు చేసి, జిగురు పూసిన తోలు గ్లవ్‌తో రుద్దించి, ఆ శబ్దాన్ని నెమ్మది వేగంలో వినిపించాడు. బొమ్మకైనా శబ్దానికైనా సూత్రం ఒకటే. నెమ్మది చేస్తే పెద్దదవుతుంది.

ఇంకో లెక్క గెలీలియో 1638లోనే రాసిపెట్టాడు. గేదెను అన్ని వైపులా రెండింతలు పెంచితే కాళ్ల అడ్డుకోత వైశాల్యం నాలుగింతలు అవుతుంది, బరువు మాత్రం ఎనిమిదింతలు. ఆ కాళ్లు ఆ బరువును మోయలేవు. నిజంగా చూస్తే 120 మీటర్ల జంతువు బతికి ఉండలేదు. అది మాకూ తెలుసు. అయినా "ఒకవేళ ఉంటే ఎలా నడిచేది" అన్న ప్రశ్నను నిజాయితీగా పట్టుకోవాలి. నేను కొత్తవాళ్లకు చెప్పేది ఒకటే, గేదె పడుకొని లేచేటప్పుడు చూడండి. మొదట వెనక కాళ్లు లేపుతుంది, ఒక్క క్షణం ముందరి మోకాళ్ల మీద ఆగుతుంది, మెడను ముందుకు తోసి అప్పుడు పూర్తిగా లేస్తుంది. ఆ ఒక్క క్షణం ఆగడంలో బరువంతా ఉంటుంది. తాటిచెట్టు చూడండి. అదే గాలికి కంది మొక్క గబగబా ఊగుతుంటే తాటిచెట్టు తల ఎంత తాపీగా పోయి ఎంత తాపీగా వస్తుందో.

ఈ కళ్లతో చూస్తే ఈ మధ్య వచ్చిన సినిమాలు నాకు వేరేగా కనిపిస్తాయి. నాయిన అడిగిన సినిమా 2024లో వచ్చింది. అందులో పిరమిడ్ల దగ్గర కాంగ్, గాడ్జిల్లా మల్లయోధుల్లా కొట్లాడతాయి. అక్కడ దర్శకుడు కావాలనే బరువు తగ్గించి వేగం పెంచాడు. వాటిని కొండలుగా కాక మనుషుల్లాంటి పాత్రలుగా చూపాలనుకున్నాడు. పిల్లలు ఈలలు వేశారు, నాకూ సరదాగానే ఉంది, కానీ భయం వేయలేదు. అదే సినిమాలో కాంగ్‌కు పన్ను నొప్పి వచ్చి వైద్యం చేయించుకునే సన్నివేశం నాకు ఎంతో నచ్చింది. నొప్పితో అలసిపోయిన ముఖం, మనిషిని నమ్మి నోరు తెరవడం. అక్కడ బరువు కనిపించేది కళ్లలో. ఆ ముఖం కదిలించిన యానిమేటర్లకు చేతులెత్తి మొక్కాలి.

2025లో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్ అనే సూపర్ హీరో సినిమాలో గలాక్టస్ అనే భారీ విలన్ న్యూయార్క్ వీధుల్లో నడుస్తాడు. ఆ పాత్ర వేసిన రాల్ఫ్ ఐనెసన్ నిజంగానే బరువైన దుస్తులు వేసుకొని నటించాడు. ఆ భుజాలు తిరిగే తీరులో అది తెలుస్తుంది. థియేటర్‌లో నేను ముందుకు వంగి కూర్చున్నది ఆ కొద్ది నిమిషాలే.

అపోహ: డబ్బు ఎంత పెడితే గ్రాఫిక్స్ అంత బాగుంటాయి.

దీనికి జవాబు 2024 మార్చిలో ఆస్కార్ వేదిక మీదే దొరికింది. విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ గాడ్జిల్లా మైనస్ వన్ అనే జపాన్ సినిమాకు వచ్చింది. ఆ విభాగంలో జపాన్ సినిమాకు దక్కిన మొదటి ఆస్కార్ అది. పోటీలో ఉన్నవి భారీ హాలీవుడ్ సినిమాలు. దీని ఖర్చు కోటిన్నర డాలర్లు కూడా కాలేదని దర్శకుడే చెప్పాడు. నాయిన చూసిన హాలీవుడ్ సినిమాకు అయింది దాదాపు పదింతలు. మొత్తం 610 ఎఫెక్ట్స్ షాట్లు చేసింది 35 మంది ఆర్టిస్టులు.

ఎట్లా చేయగలిగారు? దర్శకుడు తకాషి యమజాకి స్వయంగా ఎఫెక్ట్స్ సూపర్‌వైజర్. షాట్ ఓకేనా కాదా అని చెప్పే మనిషి ఆర్టిస్టుల పక్కనే కూర్చున్నాడు. మా పనిలో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది నిర్ణయం మారినప్పుడే. ఒక షాట్ ముప్పైసార్లు మారిస్తే ముప్పై షాట్ల ఖర్చు. అక్కడ ఆ మార్పులు తక్కువ. దర్శకుడే ఎఫెక్ట్స్ ఆస్కార్ అందుకోవడం స్టాన్లీ కూబ్రిక్ తర్వాత మళ్లీ అప్పుడే జరిగింది. ఆ జట్టులో నోజిమా అనే పాతికేళ్ల కుర్రాడు ఉన్నాడు. నీళ్ల సిమ్యులేషన్ అంటే పిచ్చి, ఇంట్లో తన సరదాకు సముద్రాలు చేసుకునేవాడు. ఆ పిచ్చిని చూసి దర్శకుడు సముద్రం సన్నివేశాలు పెంచుకున్నాడు.

ఆ సినిమా నేను ఇంట్లోనే చూశాను. చిన్న చెక్క పడవ వెనకాల గాడ్జిల్లా తల నీళ్లను చీల్చుకుంటూ వచ్చే సన్నివేశం అయ్యాక ఆపేసి, వెనక్కి తిప్పి, ఫ్రేము ఫ్రేముగా చూశాను. తల ముందు నీళ్లు ఎలా ఉబ్బుతున్నాయి, వెనకాల గుంట ఎలా పడుతోంది, పడవ ఎప్పుడు లేస్తోంది. రాత్రి రెండయింది. పదమూడేళ్ల పని తర్వాత కూడా ఒక షాట్ నన్ను అలా కూర్చోబెట్టినందుకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నీళ్ల తర్వాత గుర్తున్నది మనుషులు. యుద్ధం నుంచి తప్పించుకొని వచ్చినందుకు సిగ్గుతో కుమిలే పైలట్ కథ అది. వాడి భయం మనకు ముందే పట్టుకుంటుంది కాబట్టి జంతువు వచ్చేసరికి మనం సగం నమ్మేసి ఉంటాం.

మన దగ్గర కూడా ఉదాహరణలు ఉన్నాయి. 2012లోనే ఒక ఈగను హీరోగా పెట్టి తెలుగులో సినిమా తీశారు. మాట లేని ఈగ కోపంతో చేతులు రుద్దుకుంటే హాలు హాలంతా ఊగిపోయింది. 2024 సంక్రాంతికి వచ్చిన హనుమాన్ పెద్ద సినిమాల మధ్య చిన్న బడ్జెట్‌తో వచ్చింది. నేను మహబూబ్‌నగర్‌లో చూశాను. చివర్లో ఆ భారీ రూపం లేచేటప్పుడు నా పక్కన కూర్చున్న పెద్దమ్మ లేచి నిలబడి దండం పెట్టింది. అందులో సరిగా కలవని షాట్లు ఏవో నేను చెప్పగలను. ఆమెకు అవి పట్టలేదు, ఆ క్షణంలో నాకూ పట్టలేదు. 2025లో కొత్త లోక పేరుతో తెలుగులోకి వచ్చిన మలయాళ సినిమా సుమారు 30 కోట్లతో తీసింది. మలయాళంలో అప్పటిదాకా వచ్చిన అన్ని సినిమాల వసూళ్లనూ దాటింది. యక్షి కథను, మనం అమ్మమ్మల దగ్గర విన్నలాంటి కథను, సూపర్ హీరో కథగా మలిచారు. సూపర్ హీరోల పని అయిపోయిందనేవాళ్లకు నేను చూపించేది ఆ సినిమానే.

అపోహ: చీకట్లో, వానలో తీసేది గ్రాఫిక్స్ లోపాలు దాచడానికే.

కొన్నిసార్లు నిజమే, ఒప్పుకోవాలి. టైమ్ లేనప్పుడు "కొంచెం పొగ వెయ్" అన్న మాట ప్రతి స్టూడియోలోనూ వినిపిస్తుంది. కానీ పొగమంచుకు అసలు పని వేరే ఉంది. చలికాలం పొద్దున హైదరాబాద్ నుంచి వరంగల్ దారిలో పోతుంటే భువనగిరి గుట్ట ఎలా కనిపిస్తుంది? ముందర చెట్లు నల్లగా, స్పష్టంగా ఉంటాయి. గుట్ట పలచటి నీలం బూడిద రంగులో, అంచులు మసకగా ఉంటుంది. మధ్యలో అంత గాలి ఉందని, గుట్ట అంత దూరంలో ఉందని, అయినా ఆకాశాన్ని కప్పేసిందంటే అంత పెద్దదని కన్ను తెలుసుకుంటుంది. జంతువు కాళ్ల దగ్గర స్పష్టంగా ఉండి, తల పైకి పోతున్నకొద్దీ ఆ పలచదనం రావాలి. నేను ఒక షాట్‌లో ఎక్కువ సేపు పెట్టేది ఈ పొరల మీదే.

నీడ ఇంకా ముఖ్యం. జంతువు పాదం నేలను తాకే చోట సన్నటి నల్లటి నీడ లేకపోతే అది గాల్లో తేలుతుంది. నీడ అంటే ఏమిటో నాకు మొదట నేర్పింది పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం. నల్లగొండ పక్కనే ఉంది, కందూరు చోడుల కాలం నాటి గుడి. గర్భగుడిలో లింగం వెనక పగలంతా ఒక స్తంభం నీడ నిలబడి ఉంటుంది. సూర్యుడు తిరుగుతాడు, నీడ మాత్రం అక్కడే. చిన్నప్పుడు మహిమ అనుకున్నాను. ఈ పని నేర్చుకున్నాక పోయి చూస్తే ఇంకా గొప్పగా అనిపించింది. వెలుగు ఒక్క దిక్కు నుంచి కాదు, బయటి నుంచి స్తంభాల మధ్యగా వేర్వేరు దిక్కుల్లో చెదిరి వస్తుంది. ఆ స్తంభాలు నిలబడ్డ తీరు వల్లే నీడ అక్కడ నిలుస్తుంది. కంప్యూటర్ లేని రోజుల్లో ఆ శిల్పులకు వెలుగు మీద ఉన్న పట్టు చూసి నేను అరగంట అక్కడే కూర్చుండిపోయాను.

సినిమా మరీ చీకటిగా కనిపిస్తే ప్రతిసారీ మమ్మల్ని తిట్టకండి. తెర మీద వెలుగుకు 14 ఫుట్‌లాంబర్ట్‌లు అని ఒక ప్రమాణం ఉంది. మేం రంగులు చూసుకునేది ఆ వెలుగులోనే. త్రీడీ అద్దాలు పెట్టుకుంటే అది నాలుగున్నర దగ్గరికి పడిపోతుంది. ప్రొజెక్టర్ ల్యాంప్ పాతదైతే ఇంకా తగ్గుతుంది. నేను రోజుల తరబడి చేసిన రాత్రి షాట్‌ను ఒక ఊళ్లో టికెట్ కొని చూస్తే తెర మీద నల్లటి ముద్ద తప్ప ఏమీ కనిపించలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అపోహ: "మా సినిమాలో గ్రాఫిక్స్ లేవు, అంతా నిజంగా తీశాం."

ప్రచారంలో చెప్పే మాట ఇది. భారీ సినిమా ఏదైనా సరే, చివర్లో పేర్లు వచ్చేటప్పుడు ఆగి చూడండి, ఎఫెక్ట్స్ వాళ్ల పేర్లు నిమిషాల తరబడి పోతుంటాయి. నిజం, గ్రాఫిక్స్ రెండూ కలిస్తేనే బాగుంటుంది. 1993లో జురాసిక్ పార్క్ సినిమాలో డైనోసార్లను చూసి ప్రపంచం నోరెళ్లబెట్టిందే, అందులో కంప్యూటర్ డైనోసార్లు పది నిమిషాలు కూడా కనిపించవు. మిగతావి యంత్రాలతో కదిలే బొమ్మలు. 2025 సూపర్‌మ్యాన్‌లో క్రిప్టో అనే కుక్క ఉంది. అది పూర్తిగా కంప్యూటర్ కుక్కే, కానీ దర్శకుడు జేమ్స్ గన్ పెంచుకునే ఓజు అనే కుక్కను చూసి చేశారు. అందుకే దాని అల్లరి అంత నిజంగా ఉంది. మా పాప "అమ్మా, ఆ కుక్క పేరేంది, మనం తెచ్చుకుందామా?" అని అడిగింది. ఆ షాట్లు చేసినవాళ్లు వినాల్సిన మాట అది.

అపోహ: గ్రాఫిక్స్ బాగాలేవంటే కారణం మనవాళ్లకు పని చేతకాకపోవడమే. హాలీవుడ్ వాళ్లదే పని.

ఈ మాట వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. మీరు చూసి చప్పట్లు కొట్టే హాలీవుడ్ సినిమాల్లో చాలావాటికి రోటో, పెయింట్, మ్యాచ్‌మూవ్, కంపోజిటింగ్ హైదరాబాద్, బెంగళూరు, ముంబై, చెన్నైలలో జరుగుతున్నాయి. పడవలో పులితో కుర్రాడు ఉండే లైఫ్ ఆఫ్ పై సినిమాకు 2013 ఫిబ్రవరిలో ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. అది చేసిన రిథమ్ అండ్ హ్యూస్‌కు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. ఆస్కార్ రావడానికి పదకొండు రోజుల ముందే ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. అవార్డు అందుకున్న ఎఫెక్ట్స్ సూపర్‌వైజర్ వేదిక మీద ఆ సంగతి చెప్పబోతుంటే మైకు ఆపేశారు. అవార్డు వస్తుంది, జీతం రాదు. మా రంగం ఎలా నడుస్తుందో ఆ ఒక్క రాత్రి చూస్తే తెలుస్తుంది.

లోపం ఎక్కడ ఉంది? షాట్ల లెక్కన ముందే ధర మాట్లాడుకుంటారు. తర్వాత మార్పులు ఎన్ని వచ్చినా ధర మారదు. రిలీజ్ డేట్ ముందే ప్రకటిస్తారు, షూటింగ్ ఆలస్యమవుతుంది, ఎడిటింగ్ ఆలస్యమవుతుంది, మిగిలిన రోజులు మాకు. నాలుగు నెలల పని ఆరు వారాల్లో అడుగుతారు. నేను పనిచేసిన ఒక చోట రిలీజ్‌కు ముందు మూడు వారాలు రోజుకు పదహారు గంటలు కూర్చున్నాం. ఓవర్‌టైమ్ ఇస్తామన్నారు, ఇవ్వలేదు. పక్క సీటులో మిర్యాలగూడ కుర్రాడు, పెళ్లయి రెండు నెలలు. కుర్చీలోనే నిద్రపోయేవాడు. ఆ సినిమాలో ఒక షాట్‌ను తీసుకొని జనం ఫోన్లలో నవ్వుకున్నారు. అది వాడు చేసిన షాటే. మూడో వెర్షన్ చాలా బాగుండేది, నేను చూశాను. రిలీజ్‌కు రెండు రోజుల ముందు వెనకాల ఉన్న నగరాన్ని మార్చమన్నారు. మార్చి వెలుగు కలిపే టైమ్ లేక అలాగే పోయింది. వాడు ఇప్పుడు ఈ పని మానేసి ఊళ్లో మొబైల్ షాపు పెట్టుకున్నాడు. వెలుగును అంత బాగా చూసే కన్ను నేను మళ్లీ చూడలేదు.

అపోహ: మూడు నెలల కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ. లేదంటే, ఏఐ వచ్చింది కాబట్టి ఇక ఈ పనే ఉండదు.

రెండూ నమ్మకండి. నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి నుంచి పిల్లలు లక్షలు కట్టి కోర్సుల్లో చేరి నాకు ఫోన్ చేస్తుంటారు. సాఫ్ట్‌వేర్ మూడు నెలల్లో వస్తుంది, చూడడం రాదు. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. నేర్చుకోవడానికి ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటర్ చాలు. ఏఐ రోటోలో మొదటి గీతలు గీసి పెడుతోంది, అది మంచిదే, నా పదకొండు రోజులు రెండు రోజులైతే నాకు సంతోషమే. కానీ అంచు దగ్గర జుట్టు వణికిందని, పాదం కింద నీడ ఒక్క ఫ్రేము ఆలస్యంగా వచ్చిందని చూసి సరిచేసేది ఇప్పటికీ మనిషే. మొదట్లో జీతాలు తక్కువ, రోటో కొలువులు ముందులా దొరకడం లేదు. ఇది తెలిసే రండి.

ఫోన్ చేసే పిల్లలకు నేను ఇచ్చే మొదటి పని ఇది. ఈసారి సాగర్ గేట్లు ఎత్తినప్పుడు పోండి. ఫోన్‌ను గోడ మీద కదలకుండా పెట్టి సెకనుకు 24 ఫ్రేముల మీద పది సెకన్ల వీడియో తీయండి. సూర్యుడు ఎటు ఉన్నాడో, టైమ్ ఎంతో కాగితం మీద రాసుకోండి. నురగలో ఒక తెల్లటి ముద్దను ఎంచుకొని అది పైనుంచి కిందికి రావడానికి ఎన్ని ఫ్రేములు పట్టిందో లెక్కపెట్టండి. ఇంటికి వచ్చి బ్లెండర్‌లో ఒక మామూలు రాతి దిమ్మె చేసి, డ్యామ్ ముందు నీళ్లలో నిలబెట్టండి. రాక్షసి అక్కర్లేదు, దిమ్మె చాలు. నీడ ఆ రోజు సూర్యుడికి సరిపోవాలి, అడుగున నీళ్లు తడిసినట్టు ఉండాలి, దాని ముందు తుంపర ఉండాలి. అయ్యాక వీడియోను మీ నాయినకో తాతకో చూపించి ఏమీ చెప్పకుండా ఊరుకోండి. "ఈ రాయి ఎప్పుడు పెట్టిన్రు ఇక్కడ?" అని అడిగితే అప్పుడు నాకు పంపండి.